కుక్క దగ్గుతోందా? ముందు ఊపిరి లెక్కపెట్టండి

సంక్రాంతికి సగం హైదరాబాద్ ఊళ్లకు వెళ్లిపోతుంది. కుక్కను బస్సులోనో రైల్లోనో తీసుకెళ్లడం అందరికీ కుదరదు. అందుకని చాలామంది పెట్ హాస్టల్లో దింపి వెళ్తారు. ఒక్కో పేట నుంచి వచ్చిన కుక్కలన్నీ నాలుగైదు రోజులు పక్కపక్క గదుల్లో ఉంటాయి, ఒకే ఆవరణలో ఆడుకుంటాయి, ఒకే తొట్టిలో నీళ్లు తాగుతాయి. పండగ అయ్యాక వేటి ఇళ్లకు అవి వెళ్లిపోతాయి. ఆ తర్వాత వారం పది రోజులకు మా క్లినిక్‌కి ఫోన్లు మొదలవుతాయి. చెప్పే మనుషులు వేరైనా చెప్పే మాట దాదాపు ఒకటే. "డాక్టరమ్మా, మావాడి గొంతులో ఎముక ఇరుక్కుంది. కక్కుదామని చూస్తున్నాడు, రావట్లేదు. తెల్లటి నురగ మాత్రం పడుతోంది."

చాలాసార్లు అక్కడ ఎముకా ఉండదు, ముల్లూ ఉండదు. అది కుక్కలకు వచ్చే అంటు దగ్గు. కెన్నెల్ కాఫ్ అని మీరు వినే ఉంటారు. చూసేవాళ్లకు ప్రాణం పోతోందేమో అనిపించే ఈ దగ్గు, ఎదిగి ఆరోగ్యంగా ఉన్న కుక్కలో మాత్రం సాధారణంగా తనంతట తానే తగ్గిపోతుంది. కానీ సరిగ్గా ఇలాగే మొదలై ప్రాణాల మీదికి తెచ్చే జబ్బులూ ఉన్నాయి. కుక్కలు, పిల్లుల వైద్యమే వృత్తిగా ఉన్న నేను చెప్పదలచుకున్నది ఇదే: దగ్గు చప్పుడు విని బెంబేలెత్తకండి, చప్పుడు లేదని నిశ్చింతగానూ ఉండకండి. తిండి ఎలా తింటోంది, ముక్కులోంచి ఏం కారుతోంది, ఊపిరి ఎంత వేగంగా తీస్తోంది అన్నది చూడండి. వీటిలో ఊపిరి మరీ ముఖ్యం.

ఒక్క క్రిమి పని కాదు

ఈ దగ్గుతో వచ్చిన కుక్కను నేను వెంటనే ముట్టుకోను. కాసేపు దూరం నుంచే చూస్తాను. తోక ఊపుతోందా, బిస్కెట్ చూపిస్తే చెవులు నిక్కబొడుస్తోందా, పొట్ట ఎగరేస్తూ ఊపిరి తీస్తోందా అని. ఆ తర్వాత స్టెతస్కోపు పెట్టి ఊపిరితిత్తులు వింటాను. చివర్న గొంతు కింద గాలిగొట్టం మీద రెండు వేళ్లతో మెల్లగా నొక్కుతాను. ఆరోగ్యంగా ఉన్న కుక్క దాన్ని పట్టించుకోదు. ఈ జబ్బున్న కుక్క అయితే ముందు కాళ్లు ఎడంగా పెట్టి, మెడ ముందుకు చాచి ఖళ్లు ఖళ్లుమని దగ్గడం మొదలుపెడుతుంది. ఆ వరస చివర్న ఒక్కసారి ఓకరించి కాస్త నురగ కక్కుతుంది. ఇంటివాళ్లు ఎముక అనుకునేది ఈ ఓకరింతనే. అరనిమిషం తర్వాత ఏమీ జరగనట్టు మళ్లీ బిస్కెట్ కోసం చూస్తుంది. అలా చూసిందంటే నాకు సగం ధైర్యం వచ్చినట్టే. ఈ నొక్కే పని మాత్రం మీరు ఇంట్లో చేయకండి. అసలే పుండులా ఉన్న గొంతు ఇంకా రేగుతుంది.

మనకు వచ్చే జలుబులాగే దీనికీ ఫలానా అని ఒక్క కారణం లేదు. బోర్డెటెల్లా బ్రాంకిసెప్టికా అనే బ్యాక్టీరియా, పారాఇన్‌ఫ్లుయెంజా వైరస్, అడినోవైరస్ టైప్ 2, మైకోప్లాస్మా, కుక్కల శ్వాసకోశ కరోనా వైరస్, ఇంకా కొన్ని కలిసి గానీ విడివిడిగా గానీ ఈ దగ్గు తెప్పిస్తాయి. కరోనా అనగానే కంగారు పడకండి. 2003లో బ్రిటన్‌లో కనిపెట్టిన ఈ వైరస్ వేరు, మనల్ని ఇళ్లలో కూర్చోబెట్టిన కొవిడ్ వైరస్ వేరు. బోర్డెటెల్లా మాత్రం మనకు కొంత తెలిసిన వంశంలోదే. పిల్లలకు కోరింత దగ్గు తెప్పించే క్రిమికి ఇది దగ్గరి చుట్టం.

గాలిగొట్టం లోపలి గోడ నిండా కంటికి కనిపించనంత సన్నటి నూగు ఉంటుంది. ఆ నూగు ఎప్పుడూ పైకి ఊగుతూ దుమ్మునీ క్రిములనూ కఫంతో పాటు గొంతు వైపు నెట్టేస్తుంటుంది. వైరస్ ముందొచ్చి ఈ గోడను దెబ్బతీస్తుంది. వెనకే వచ్చిన బోర్డెటెల్లా నేరుగా ఆ నూగుకే అతుక్కుని దాన్ని చచ్చుబడేలా చేస్తుంది. ఊడ్చే దారి మూసుకుపోయాక కఫం కిందే పేరుకుంటుంది. దాన్ని బయటికి తోయడానికి కుక్కకు మిగిలిన ఉపాయం దగ్గడమే. గోడ మళ్లీ బాగుపడే దాకా ఆ దగ్గు ఉంటుంది. అందుకే మందు వేసిన మర్నాటికే తగ్గాలని ఎదురుచూడటం కుదరదు.

క్రిమి సోకిన రెండు రోజుల నుంచి రెండు వారాల లోపు దగ్గు మొదలవుతుంది. వారం నుంచి మూడు వారాల పాటు ఉంటుంది. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు పడే తుంపర్లతో అంటుకుంటుంది. నీళ్ల గిన్నెలు, ఆటబొమ్మలు, గ్రూమింగ్ టేబుళ్లు, చివరికి మన చేతులు కూడా దాన్ని మోసుకెళ్తాయి. "రాత్రి బాల్కనీలో పడుకున్నాడండీ, చలికి పట్టేసింది" అని చాలామంది అంటారు. చలి ఒక్కటే ఈ దగ్గు తెప్పించదు. పక్క కుక్క నుంచి క్రిమి రావాలి. చలికాలంలో ఈ కేసులు ఎక్కువగా చూస్తున్నామంటే, పెళ్లిళ్లు, సెలవులు, ప్రయాణాలు అన్నీ అప్పుడే వచ్చి కుక్కలన్నీ ఒకచోట చేరడం దానికి పెద్ద కారణం.

ఇంట్లో ఏం చేయాలి

తిండి తింటూ హుషారుగా తిరిగే కుక్కకు పెద్ద వైద్యం అక్కర్లేదు. మెడకున్న బెల్టు ముందు తీసేయండి. గొలుసు లాగినప్పుడల్లా అది గాలిగొట్టాన్నే నొక్కుతుంది. కొన్నాళ్లు ఛాతీకి తొడిగే హార్నెస్ వాడండి. పరుగులు, బంతాటలు మానిపించి, కాలకృత్యాలకు మాత్రం కాసేపు బయటికి తిప్పండి. స్నానాలగదిలో వేడినీళ్ల కుళాయి వదిలి, ఆవిరి నిండాక కుక్కతో పాటు మీరూ పదినిమిషాలు లోపల కూర్చుంటే కఫం మెత్తబడుతుంది. మరిగే నీళ్ల గిన్నె ముందు దాన్ని కూర్చోబెట్టి దుప్పటి మాత్రం కప్పకండి. బెదిరి గిన్నె తన్నేసుకుని ఒళ్లు కాల్చుకుంటుంది. అన్నం కాస్త గోరువెచ్చగా పెడితే వాసన తెలిసి తింటుంది. ముక్కు మూసుకుపోయిన కుక్కకు తిండి మీద మనసు పోకపోవడానికి వాసన తెలియకపోవడమే కారణం.

ఇంట్లో పొగ లేకుండా చూడండి. సాయంత్రం సాంబ్రాణి, అగరొత్తులు, రాత్రి దోమల చుట్ట, దీపావళి రోజుల్లో బాణసంచా పొగ, ఇవన్నీ ఆ గొంతును ఇంకా రేపుతాయి. దగ్గు తగ్గేదాకా సాంబ్రాణి మానమంటే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. దేవుడి గది తలుపు వేసుకుని, కుక్కను వేరే గదిలో ఉంచితే సరిపోతుందని వాళ్లకు చెబుతుంటాను.

మెడికల్ షాపుకి వెళ్లి మందు అడగడం మాత్రం వద్దు. పిల్లాడికి తెచ్చిన దగ్గు సిరప్ ఒక మూత పోసి, సాయంత్రానికి తూలిపోతున్న కుక్కను ఎత్తుకొచ్చిన తండ్రులను నేను చూశాను. వాళ్లు ప్రేమతోనే పోశారు. కానీ మన జలుబు మందుల్లో ముక్కు దిబ్బడ తగ్గించే రసాయనం కుక్క గుండెను విపరీతంగా పరుగెత్తిస్తుంది. పారాసెటమాల్ మోతాదు మించితే కాలేయం దెబ్బతింటుంది. పిల్లికైతే ఒక్క మాత్ర కూడా ప్రాణం తీస్తుంది. ఇబుప్రొఫెన్ కడుపులో పుళ్లు తెప్పిస్తుంది, కిడ్నీలను దెబ్బతీస్తుంది. చక్కెర లేని సిరప్‌లలో తీపి కోసం కలిపే జైలిటాల్ కుక్క రక్తంలో చక్కెరను నిమిషాల్లో పడగొడుతుంది. వంటింటి వైద్యంలోనూ జాగ్రత్త ఉండాలి. వెల్లుల్లి, ఉల్లి కుక్క ఎర్ర రక్తకణాలను చితికేలా చేస్తాయి. ఛాతీకి రాసే కర్పూరపు బామ్‌లు, నీలగిరి తైలం కుక్క నాకేస్తుంది. అవి దానికి విషమే.

యాంటీబయాటిక్ కూడా ప్రతి దగ్గుకూ అక్కర్లేదు. పెంపుడు జంతువుల అంటువ్యాధుల నిపుణుల అంతర్జాతీయ సంఘం 2017లో ఇచ్చిన సూచనలు కూడా ఇదే చెబుతున్నాయి. జ్వరం, నలత, తిండి మానేయడం, వాటితో పాటు ముక్కులోంచి చిక్కటి చీమిడి కనిపిస్తే యాంటీబయాటిక్ ఆలోచించాలి. అలాంటప్పుడు ముందుగా ఎంచుకునేది డాక్సీసైక్లిన్. "ఏదో ఒక మాత్ర రాసివ్వండి డాక్టరమ్మా, ఉత్తి చేతులతో ఎలా వెళ్తాం" అని అడిగేవాళ్లకు కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పడం నా పనిలో భాగమే అనుకుంటాను.

నిద్రలో ఊపిరి

కుక్క గాఢంగా నిద్రపోతున్నప్పుడు పక్కన కూర్చోండి. ముట్టుకోవద్దు. డొక్క పైకి లేచి కిందికి దిగితే ఒక ఊపిరి. ఫోన్లో టైమర్ పెట్టుకుని నిమిషంలో ఎన్నిసార్లు తీస్తోందో లెక్కపెట్టండి. కలలో కాళ్లు ఆడిస్తున్నప్పుడు, ఎండకు నాలుక చాపి రొప్పుతున్నప్పుడు లెక్క సరిగా రాదు. ఆ కాసేపు ఆగండి. నిద్రలో నిమిషానికి 30 లోపు ఉంటే మంచిది. రెండు మూడుసార్లు లెక్కపెట్టినా 30 దాటుతుంటే డాక్టరుకు చెప్పాలి. 40 దాటితే తెల్లారేదాకా ఆగవద్దు. క్యాలెండర్ మీద తేదీ పక్కన ఈ అంకె రాసి పెట్టుకుంటే, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఇట్టే తెలుస్తుంది.

ఒకసారి పదో తరగతి చదివే అమ్మాయి నాకు వాట్సాప్‌లో వీడియో పంపింది. అప్పుడే ఇంటికి తెచ్చుకున్న మూడు నెలల లాబ్రడార్ పిల్ల గోనెపట్టా మీద పడుకుని ఉంది. దగ్గడం లేదు. "నిన్న బాగా దగ్గింది మేడమ్, ఇవాళ తగ్గిపోయింది, నిద్రపోతోంది" అని కింద రాసింది. వీడియో పెట్టుకుని డొక్క లెక్కపెట్టాను. యాభై దాటింది. పెదవి పక్కన ఎండిన పసుపుపచ్చ చీమిడి కనిపిస్తోంది. వెంటనే తీసుకురమ్మన్నాను. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల కింది భాగాలు తెల్లగా కమ్ముకుని ఉన్నాయి, న్యుమోనియా. ఆ పిల్ల దగ్గకపోవడం జబ్బు తగ్గడం వల్ల కాదు, దగ్గే ఓపిక లేక. ఆక్సిజన్, నెబ్యులైజర్, యాంటీబయాటిక్, గంటగంటకూ పక్క మార్చి పడుకోబెట్టడం, ఛాతీ మీద మెల్లగా తట్టడం, ఇవన్నీ చేశాం. పిల్ల గట్టెక్కింది. తర్వాత కూడా ఆ అమ్మాయి రోజూ ఊపిరి అంకె రాసి పంపేది. ఒక రోగిని అంత శ్రద్ధగా కనిపెట్టుకుని ఉన్న మనుషులను నేను అరుదుగా చూశాను.

కుక్కపిల్లలు, ముసలి కుక్కలు, పగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు కుక్కల విషయంలో ఇంకాస్త తొందరపడాలి. పగ్ కుక్కతో తీసిన హచ్ మొబైల్ ప్రకటన వచ్చాక మన ఇళ్లలోకి చాలా పగ్‌లు వచ్చాయి. వాటికి గాలి దారి పుట్టుకతోనే ఇరుకు. కొంచెం వాపు వచ్చినా ఆయాసపడతాయి. చిగుళ్లు గులాబీ రంగు పోయి నీలంగానో బూడిదగానో మారడం, మెడ చాచి కూర్చుని పడుకోలేకపోవడం, 103 డిగ్రీలు దాటిన జ్వరం, రోజంతా తిండి ముట్టకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయకూడదు. కుక్క మామూలు ఒంటివేడే 101 నుంచి 102.5 డిగ్రీల దాకా ఉంటుంది కాబట్టి, చేత్తో ముట్టుకుని జ్వరం అని తేల్చకండి.

ఇంకో మాట. పదేళ్లు దాటిన పొమెరేనియన్ రాత్రిళ్లు దగ్గుతుంటే అది అంటు దగ్గు కాకపోవచ్చు. గుండె కవాటం అరిగినా, గాలిగొట్టం మెత్తబడి నొక్కుకుపోయినా ఇలాగే దగ్గుతుంది. నెలల తరబడి ఉండే దగ్గుకు స్కాన్, ఎక్స్‌రే తప్పవు.

జలుబులా వచ్చే డిస్టెంపర్

నాకు బాగా భయం డిస్టెంపర్ అంటే. అది కూడా జలుబులాగే వస్తుంది. కళ్లలో పుసులు, ముక్కు కారడం, జ్వరం, దగ్గు. తర్వాత వాంతులు, విరేచనాలు. కొన్ని వారాలకు పాదాల అడుగులు గట్టిబడతాయి, దవడ చూయింగ్ గమ్ నములుతున్నట్టు ఆడుతుంది, కాలు ఉండి ఉండి అదురుతుంది, ఫిట్స్ వస్తాయి. ఆ దశకు వచ్చాక బతికేవి తక్కువ. బతికినవాటికీ ఆ అదురు మిగిలిపోవచ్చు. టీకాలు పూర్తికాని కుక్కపిల్లకు జలుబు చేసిందంటే ముందు దీన్నే అనుమానించాలి.

ఈ రెండు జబ్బులనూ విడదీయడానికి శాస్త్రవేత్తలకే ఇరవై ఏళ్లు పట్టింది. 1905లో ఫ్రాన్స్‌లో హెన్రీ కారే డిస్టెంపర్‌కు కారణం వడపోతకు కూడా చిక్కనంత చిన్న క్రిమి అని చెప్పాడు. చాలామంది నమ్మలేదు. 1910 ప్రాంతంలో అమెరికాలో ఎన్.ఎస్. ఫెర్రీ డిస్టెంపర్ కుక్కల గాలిగొట్టంలో ఒక బ్యాక్టీరియాను పట్టుకుని కారణం ఇదేనన్నాడు. అదే ఇప్పటి బోర్డెటెల్లా. డిస్టెంపర్ వచ్చిన కుక్క మీద ఎక్కి కూర్చునే ఆ క్రిమిని అసలు దోషిగా పొరబడ్డారు. 1920లలో బ్రిటన్‌లో 'ది ఫీల్డ్' అనే పత్రిక పాఠకుల దగ్గర చందాలు పోగుచేసి ఈ పరిశోధనకు నిధి ఇచ్చింది. ప్యాట్రిక్ లెయిడ్లా, జి.డబ్ల్యూ. డంకిన్ కలిసి 1926లో కారే చెప్పిందే నిజమని తేల్చారు, తర్వాత టీకా తయారుచేశారు. ఆ పనికి వాళ్లు ఫెరెట్ అనే చిన్న జంతువుల మీద ఆధారపడ్డారు. 1933లో అదే లెయిడ్లా, విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్‌తో కలిసి ఆ ఫెరెట్ల సాయంతోనే మనుషుల ఫ్లూ వైరస్‌ను తొలిసారి పట్టుకున్నాడు. కుక్కల కోసం ఒక పత్రిక పాఠకులు ఇచ్చిన చందా మనుషుల ఫ్లూ పరిశోధనకు కూడా దారి వేసిందన్నమాట. కుక్క జబ్బు గురించి ఇంత ఆలోచించాలా అని ఎవరైనా అడిగితే నేను ఈ సంగతే చెబుతాను.

టీకా కార్డు చదవండి

"నైన్ ఇన్ వన్ వేయించాం కదండీ, మళ్లీ దగ్గెందుకు?" ఇది నేను తరచూ వినే ప్రశ్న. కార్డు మీద అతికించిన స్టిక్కర్ చూడండి. డి అంటే డిస్టెంపర్, హెచ్ అంటే కాలేయ వ్యాధి, పి అంటే పార్వో, పిఐ అంటే పారాఇన్‌ఫ్లుయెంజా, ఎల్ అంటే లెప్టోస్పైరా. కొన్నిటిలో కరోనా అని కూడా ఉంటుంది, అది పేగులకు వచ్చే కరోనా. బోర్డెటెల్లా ఇందులో లేదు. దానికి విడిగా టీకా ఉంది. ముక్కులో చుక్కలుగా వేస్తారు. బోర్డెటెల్లా మీద మూడు రోజుల్లోనే పనిచేయడం మొదలుపెడుతుంది. అందులోనే కలిసి ఉండే పారాఇన్‌ఫ్లుయెంజా మీద మూడు వారాలు పడుతుంది. అందుకే హాస్టల్లో వదిలే ముందురోజు వేయిస్తే లాభం లేదు, కనీసం మూడు వారాల ముందు వేయించాలి. ఏడాదికోసారి మళ్లీ వేయించాలి. ఇది దగ్గు అసలు రాకుండా ఆపుతుందని హామీ ఇవ్వలేం, వచ్చినా తేలిగ్గా పోయేలా చేస్తుంది. కుక్కపిల్లలకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో టీకాలు మొదలుపెట్టి, పదహారు వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయించాలి. ఒక్క ఇంజెక్షన్‌తో ఆపేస్తే ప్రయోజనం లేదు.

హాస్టల్ ఎంచుకునేటప్పుడు గదికి ఏసీ ఉందా అని కాదు, మీ టీకా కార్డు అడిగారా లేదా అని చూడండి. అడగని చోట పక్క కుక్క కార్డు కూడా అడిగి ఉండరు. దగ్గే కుక్కను విడిగా ఉంచే గది ఉందా, దేని గిన్నె దానికే ఉందా, గాలి ఆడుతోందా అని అడగండి. మీ కుక్కే దగ్గుతుంటే, దగ్గు పూర్తిగా ఆగాక కూడా రెండు వారాలు పార్కుకీ గ్రూమింగ్‌కీ తీసుకెళ్లకండి. పైకి బాగున్నా బోర్డెటెల్లాను వారాల తరబడి చుట్టూ చిమ్ముతూనే ఉంటుంది. ఈ దగ్గు మామూలుగా మనుషులకు అంటదు. అయితే కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లు, అవయవ మార్పిడి జరిగినవాళ్లు ఇంట్లో ఉంటే దగ్గే కుక్కకు దూరంగా ఉండాలి. వాళ్ల సంగతి కుక్కకు ముక్కు టీకా వేసే ముందే డాక్టరుకు చెప్పండి.

అమెరికాలో ఉన్న మన పిల్లల ఇళ్లలో కుక్కలు ఉంటే వాళ్లకు ఇంకో మాట చెప్పాలి. అక్కడ కుక్కలకు ఫ్లూ కూడా వస్తుంది. గుర్రాల నుంచి వచ్చిన హెచ్3ఎన్8 రకం 2004లో ఫ్లోరిడా పందెపు కుక్కల్లో బయటపడింది. ఆసియాలో పక్షుల నుంచి కుక్కలకు పాకిన హెచ్3ఎన్2 రకం 2015లో షికాగోలో వెయ్యికి పైగా కుక్కలను పడగొట్టింది. దానికి అక్కడ టీకా ఉంది, డే కేర్‌లో వదిలేవాళ్లు అడిగి వేయించుకోవాలి.

మన దగ్గర మాత్రం నా దిగులంతా డిస్టెంపర్ గురించే. 2018లో గుజరాత్ గిర్ అడవిలో కొన్ని వారాల్లోనే ఇరవైకి పైగా సింహాలు చనిపోయినప్పుడు వాటిలో ఈ వైరస్ కనిపించింది. మిగతా సింహాల కోసం అమెరికా నుంచి టీకాలు తెప్పించాల్సి వచ్చింది. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో దాదాపు మూడో వంతు సింహాలను తీసుకుపోయింది కూడా ఇదే. చుట్టుపక్కల ఊళ్ల కుక్కల నుంచి ఆ వైరస్ వాటికి చేరిందని తేలాక, ఆ ఊరకుక్కలకు టీకాలు వేయడం మొదలుపెట్టారు.

మన వీధుల్లో కార్పొరేషన్ వాళ్లు కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేస్తారు, రేబిస్ టీకా వేస్తారు. డిస్టెంపర్ టీకా ఆ లెక్కలో లేదు. ఏటా పుట్టే వీధి కుక్కపిల్లల్లో ఎన్నో ఈ జబ్బుతో కళ్లు పుసులు కట్టి, కాళ్లు అదురుతూ పోవడం నేను చూస్తున్నాను. అపార్టుమెంటు గేటు దగ్గర వాచ్‌మన్ అన్నం పెట్టే పిల్లలు, కిరాణా కొట్టు మెట్ల మీద పడుకునే పిల్లలు మీకు తెలిసినవే. నాలుగిళ్లవాళ్లు కలిస్తే వాటి టీకాల ఖర్చు ఒకరి మీద పడదు. మీ కుక్కకు టీకా వేయించే రోజున ఆ పిల్లలకూ వేస్తారా అని మీ డాక్టరును అడగండి. అడిగితే వచ్చి వేసే డాక్టర్లు నాకు చాలామంది తెలుసు. మా పేటలో ఎవరు పిలిచినా నేను వస్తాను.